ఐవీఎఫ్ బిడ్డ ఫైలు: ఏం తెచ్చుకోవాలి, ఏం గమనించాలి

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు తెలుగు కుటుంబాలు ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్స) కోసం విశాఖ వెళ్ళి, కాన్పు ఇంటి దగ్గర చేయించుకోవడం మామూలే. చికిత్స అక్కడ, పురుడు ఇక్కడ అయ్యేసరికి మధ్యలో కాగితాలు జారిపోతాయి. దానికి తోడు ఇంట్లో పెద్దవాళ్ళు "ఎవరికీ చెప్పకండి" అంటారు. బంధువులకు చెప్పకపోతే ఏ నష్టమూ లేదు. పిల్లల డాక్టరుకు చెప్పకపోతే మాత్రం బిడ్డకే నష్టం. ఎందుకో చూద్దాం.

మన డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అంటుకుని ఉంటాయి. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో అవి నిర్ణయిస్తాయి. జన్యువు అలాగే ఉండి ఈ గుర్తులు మారితే దాన్ని ఎపిజెనెటిక్ మార్పు అంటారు. అండం ఫలదీకరణం చెందాక మొదటి కొద్ది రోజుల్లో పాత గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి, తర్వాత కొత్తవి పడతాయి. తల్లి నుంచి వచ్చిన జన్యువు ప్రతి (కాపీ) మీద ఒకలా, తండ్రి నుంచి వచ్చిన కాపీ మీద మరోలా ఉండే కొన్ని ముద్రలు మాత్రం చెరగకూడదు. ఐవీఎఫ్ పిండం సరిగ్గా ఆ రోజుల్లోనే ల్యాబులో పోషక ద్రవంలో పెరుగుతుంది. ఆ ముద్ర చెదిరితే వచ్చే జబ్బుల్లో ఎక్కువగా చెప్పుకునేది, బిడ్డ శరీరం అతిగా పెరిగే బెక్‌విత్ వీడెమన్ సిండ్రోమ్. మామూలుగా ఇది 10,000 నుంచి 14,000 కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఐవీఎఫ్ తర్వాత సుమారు 4,000 మందిలో ఒకరికి అని 2004లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనం లెక్కగట్టింది. అంటే ప్రమాదం పెరిగినా, చాలా అరుదే. భయపడి చికిత్స మానుకోనక్కర్లేదు.

చికిత్సకు ముందు చేయాల్సినవి కొన్నున్నాయి. వీర్యకణం తయారు కావడానికి 70 రోజులకు పైగా పడుతుంది. కాబట్టి భర్త ఖైనీ, గుట్కా, బీడీ కనీసం మూడు నెలల ముందే మానాలి. భార్య కనీసం నెల ముందు నుంచి గర్భం 12వ వారం దాకా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. షుగర్ ఉన్నా, మూర్ఛ మందులు వాడుతున్నా మోతాదు డాక్టరే నిర్ణయించాలి, ఎక్కువ అవసరం కావచ్చు. మన ప్రాంతంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువ కనక భార్యాభర్తలిద్దరికీ ఆ పరీక్ష ముందే చేయించండి. వీర్యకణాలు బాగుంటే, ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి) ఎందుకు అవసరమో అడగండి. గర్భంలో పిండం ఒక్కటే పెట్టమనండి. కవలలై నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఎపిజెనెటిక్ ప్రమాదం కన్నా చాలా పెద్దది.

క్లినిక్ నుంచి డిశ్చార్జి సర్టిఫికెట్ లేకుండా ఇంటికి రాకండి. 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ప్రకారం, చేసిన చికిత్స వివరాలతో దాన్ని ఇవ్వడం క్లినిక్ బాధ్యత. రికార్డులను కనీసం పదేళ్ళు భద్రపరచాలి కూడా. అందులో ఐవీఎఫా ఇక్సీయా, అండం లేదా వీర్యం దాతదా, పిండం తాజాదా ఫ్రీజ్ చేసిందా, ల్యాబులో ఎన్నో రోజుదాకా పెరిగిన పిండం, ఎన్ని పెట్టారు, ఏ తేదీన పెట్టారు అన్నవి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఆ తేదీ చాలా ముఖ్యం. ఐదో రోజు పిండమైతే పెట్టిన తేదీకి 261 రోజులు, మూడో రోజుదైతే 263 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఊళ్ళో డాక్టరు ఆఖరి నెలసరి తేదీని పట్టుకుని లెక్కవేస్తే వారాలు తప్పుతాయి. అప్పుడు మామూలు బిడ్డ పెద్దగానో చిన్నగానో కనిపిస్తాడు, నిజంగా తేడా ఉన్న బిడ్డ మామూలుగా కనిపిస్తాడు.

పుట్టిన బిడ్డ నాలుగు కిలోలు దాటితే మురిసిపోతాం. కానీ అది బెక్‌విత్ లక్షణం కూడా కావచ్చు. మొదటి రోజు మడమ నుంచి రక్తం తీసి షుగర్ చూడమని అడగాలి. 45 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే వెంటనే డాక్టరు చూడాలి, వణుకు, పాలు పట్టకపోవడం, మత్తుగా ఉండటం దాని గుర్తులు. నాలుక పెద్దదై నోట్లో పట్టకపోవడం, బొడ్డు దగ్గర ఉబ్బు, చెవి తమ్మె మీద గీత లేదా చెవి వెనుక గుంట, ఒక కాలు రెండోదాని కన్నా లావుగా ఉండటం కూడా చూడండి. ఊపిరికి ఇబ్బంది పడుతూ, పెదవులు నీలంగా మారితే క్షణం ఆలస్యం చేయకండి.

ముద్ర చెదిరితే వచ్చే ఇతర జబ్బుల్లో లక్షణాలు వేరుగా, కొన్నిసార్లు పూర్తిగా వ్యతిరేకంగా ఉంటాయి. బిడ్డ చిన్నగా పుట్టి, తల మాత్రం శరీరం కన్నా పెద్దగా కనిపించి, పాలు సరిగా తాగకపోతే సిల్వర్ రస్సెల్ అనుమానించాలి. మెత్తగా వేలాడిపోతూ పాలు పీల్చలేకపోతే ప్రేడర్ విల్లీ కావచ్చు. ఏడాది దాటినా కూర్చోవడం, మాటలు వెనకబడి, మూర్ఛ వస్తే ఏంజెల్‌మన్ కావచ్చు. ప్రతి నెలా బరువు తూయించి కార్డులో గ్రాఫు మీద చుక్క పెట్టించుకోండి. జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల లోపాలను ముందే గుర్తించే కేంద్రం) ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద ఉచితంగా చూస్తారు.

అనుమానం వస్తే ఎక్కువగా జరిగే పొరపాటు క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే కారియోటైప్ పరీక్ష చేయించి, "నార్మల్" అని వదిలేయడం. మిథైల్ గుర్తులు అందులో కనిపించవు. జన్యువుల అక్షరాలు చదివే సాధారణ ఎక్సోమ్ పరీక్షలో, గర్భం సమయంలో తల్లి రక్తంతో చేసే ఎన్ఐపీటీలో కూడా కనిపించవు. అడగాల్సింది ఆ మిథైల్ గుర్తులనే చూసే మిథైలేషన్ ఎమ్మెల్పీఏ పరీక్ష. బెక్‌విత్ అనుమానమైతే "11వ క్రోమోజోము, 11పీ15" అని చీటీ మీద రాయించండి. రక్తం ఊదా మూత సీసాలో తీస్తారు. మార్పు కొన్ని కణాల్లోనే ఉండవచ్చు కనక, రక్తం ఫలితం నార్మల్ వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే జెనెటిక్స్ నిపుణుడు ఇతర కణజాలం నుంచి మళ్ళీ చేయిస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది.

బెక్‌విత్ ఖాయమైతే మూత్రపిండాల, కాలేయ గడ్డల కోసం మూడు నెలలకోసారి, ఏడేళ్ళు నిండేదాకా కడుపు స్కానింగ్ అవసరం కావచ్చు. ఎవరికి అవసరమో, ఎంత తరచుగా చేయాలో మార్పు రకాన్ని బట్టి నిపుణులు చెబుతారు. లక్షణాలేమీ లేని ఐవీఎఫ్ బిడ్డకు ఈ స్కాన్లు వద్దు. మూడేళ్ళ నుంచి ఏటా బీపీ చూపిస్తే చాలు. పుట్టినప్పుడు రక్తంలో కనిపించే మిథైలేషన్ తేడాలు పెద్దయ్యేసరికి చాలావరకు సర్దుకుంటాయని 2019లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూపారు.

ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో "ఐవీఎఫ్", పిండం పెట్టిన తేదీ, గర్భం ఎన్నో వారంలో పుట్టిందీ, పుట్టిన బరువు రాయండి. దాన్ని ఫోన్లో ఫోటో తీసి అమ్మ, నాన్న ఇద్దరూ ఉంచుకోండి. అమ్మమ్మ ఇంటికి వెళ్ళేటప్పుడు ఫైలునూ బిడ్డతోనే పంపండి.