నెట్ స్పీడ్ 95 దగ్గరే ఆగిపోతుంటే ఇది చూడండి

ఇంట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి, కేబుల్ పెట్టిన పీసీలో ఎన్నిసార్లు స్పీడ్ టెస్ట్ చేసినా 94, 95 దాటట్లేదంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు ఒక్కసారి అడాప్టర్ సెట్టింగ్స్ చూడండి. విండోస్‌లో రన్ ఓపెన్ చేసి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) అని కొడితే ఈథర్నెట్ కనిపిస్తుంది, దానిమీద డబుల్ క్లిక్ చేస్తే లింక్ స్పీడ్ ఎంతో చూపిస్తుంది. 100 అని ఉందా, తంటా అక్కడే.

ప్రాపర్టీస్, కాన్ఫిగర్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్లి స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్‌ని ఆటో నెగోషియేషన్‌లో పెట్టండి. అయినా మారకపోతే ఎక్కువసార్లు కేబులే కారణం, ఎందుకంటే గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, లోపలున్న 8 వైర్లూ కావాలి, 100కి 4 చాలు, అందుకే మిగతా 4లో ఒకటి తెగినా నెట్ వస్తూనే ఉంటుంది, స్పీడ్ మాత్రం పడిపోతుంది, మనకి తెలీను కూడా తెలీదు. క్యాట్ 5ఈ కేబుల్ మంచిది ఒకటి మార్చండి చాలు, క్యాట్ 8 అని ఎక్కువ రేటుకి అంటగడితే తీసుకోకండి, ఇంటికి అనవసరం. రూటర్ పోర్ట్ గిగాబిట్‌దేనా అన్నది కూడా చూస్కోండి, చవక రూటర్లలో చాలావాటికి 100వే ఉంటాయి.

మధ్యమధ్యలో కనెక్షన్ పోయి వస్తుంటే మాత్రం అదే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కరెంటు ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనేదాన్ని డిసేబుల్ చేసి చూడండి.