నల్ల వైరు తెగితే స్కూటర్ దూకుతుంది: వానలకు ముందే చూసుకోండి

మొన్న ఆదివారం మా పక్క సందులో ఓ కుర్రాడు ఎలక్ట్రిక్ స్కూటర్‌కు కొత్త థ్రాటిల్ (వేగం పెంచే చేతిపిడి) బిగించుకుని, గుమ్మం ముందు బండి మీద కూర్చునే తాళం తిప్పాడు. గ్రిప్ ఇంకా మెలిపెట్టనే లేదు. బండి ఒక్క దూకు దూకి ఎదురింటి గోడకు గుద్దుకుంది. కుర్రాడి మణికట్టు విరిగింది. పావుగంట ముందు అదే గోడ పక్కన చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు.

విప్పి చూస్తే నల్ల వైరు అతుకు ఊడి ఉంది. థ్రాటిల్‌కు మూడు వైర్లుంటాయి. మామూలుగా ఎర్రది 5 వోల్టులు, నల్లది గ్రౌండ్, మూడోది సిగ్నల్. గ్రిప్ వదిలేసినప్పుడు సిగ్నల్ 1 వోల్టుకు అటూ ఇటూగా ఉంటుంది, పూర్తిగా తిప్పితే 4 దగ్గరకు చేరుతుంది. నల్ల వైరు తెగిందా, సిగ్నల్ దానంతటదే పైకి ఎగబాకుతుంది. మీరే ఫుల్లుగా తిప్పారనుకుని కంట్రోలర్ (మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసే పెట్టె) మోటారుకు కరెంటు వదిలేస్తుంది. మంచి కంట్రోలర్ అయితే తేడా పసిగట్టి ఆపేస్తుంది. చవకవాటిని నమ్మొద్దు.

అందుకే, బండికి ఏ చిన్న పని చేసినా వెనక చక్రం గాల్లో ఉంటేనే తాళం తిప్పండి. సెంటర్ స్టాండ్ వేసినా చక్రం నేలకు తగులుతుంటే స్టాండ్ కింద చెక్క పెట్టి లేపండి.

వానాకాలంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నీళ్లు చేరి కనెక్టర్ పిన్నులకు చిలుము పడుతుంది. ఒక్కో కనెక్టర్ ఊడదీసి చూడండి, ఆకుపచ్చగా కనిపిస్తే మార్చేయండి. అతుకుల మీద టేపు చుట్టి వదిలేయకండి, టేపు లోపల తడి నిలిచిపోతుంది. టంకం వేసి స్లీవ్ తొడగండి.

విప్పే ముందు ఎంసీబీ (బ్యాటరీ కరెంటు ఆపే స్విచ్) దించి బ్యాటరీ వైర్లు తీసేయండి. తీసినా కంట్రోలర్ లోని కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాల్లో) చార్జి ఉంటుంది, కంట్రోలర్ ప్లస్, మైనస్ మధ్య ఓ పాతకాలపు ఫిలమెంట్ బల్బు కాసేపు పెట్టి దించేయండి.

మోటారుకు రెండే వైర్లుండే బ్రష్ మోటారు బండ్ల సంగతి వేరు. కంట్రోలర్ లో మాస్‌ఫెట్ (కరెంటును ఆపి వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్టయితే బ్యాటరీ నేరుగా మోటారుకు తగులుకుంటుంది. గ్రిప్ వదిలినా ఆగదు, బ్రేక్ స్విచ్ పనిచేయదు. ఎంసీబీ ఒక్కటే దిక్కు. అది చేతికందే చోట ఉండాలి. డీసీ ఎంసీబీయే వేయండి. ఇంట్లో వాడే ఏసీది వేస్తే, తెరిచినా లోపల నిప్పు ఆరకపోవచ్చు.

బ్రేక్ పట్టగానే మోటారుకు కరెంటు ఆపే బ్రేక్ లివర్ కటాఫ్ వైరు పీకేయకండి. స్పీడు కోసం, వేగాన్ని కట్టడి చేసే లిమిట్ వైరు కత్తిరించకండి: 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు బండికే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టకండి. తడిసిన బండికి చార్జింగ్ పెట్టకండి. టెస్టింగప్పుడు బండి ముందు ఎవరినీ నిలబడనివ్వకండి. మళ్లీ చెప్తున్నా, చక్రం గాల్లో ఉంటేనే తాళం. మెకానిక్ తొందరపడినా సరే, "ముందు చక్రం లేపన్నా" అని అడగండి.

చక్రం తిరుగుతుండగా గ్రిప్ పదిసార్లు తిప్పి వదలండి, వదిలిన ప్రతిసారీ వేగం తగ్గాలి. హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ ఇంకోసారి చూడండి. తెగబోయే వైరు ఎక్కువగా ఆ మలుపులోనే దొరుకుతుంది.