టీనేజ్ పిల్లలతో యూరప్ వెళ్తున్నారా? రెండు ఊళ్ళు చాలు

ఇంట్లో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలుంటే పది రోజుల్లో ఏడు దేశాలు తిప్పే ప్యాకేజీ జోలికి పోవద్దు. తెల్లారకముందే లేపి బస్సెక్కించి, ఫోటో దిగండి ఎక్కండి అంటూ ఉంటే ఆ వయసు పిల్లలు రెండో రోజుకే విసిగిపోయి ఫోన్‌లో తల దూర్చేస్తారు, అందులో వాళ్ళ తప్పేం లేదు. రెండు ఊళ్ళు ఎంచుకోండి, పారిస్‌లో ఐదు రాత్రులు, రోమ్‌లో నాలుగు అనుకుందాం. చెన్నై నుంచి పారిస్‌కు వెళ్ళి, రోమ్ నుంచి చెన్నైకి తిరిగొచ్చేలా మల్టీ సిటీ టికెట్ తీసుకుంటే మళ్ళీ పారిస్‌కు వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే, నా ఉద్దేశంలో పదో తరగతి పరీక్షలు అయ్యాక వచ్చే వేసవిని మించింది లేదు, ఇంటర్ కోచింగ్ మొదలైతే ఇక మీ చేతుల్లో ఏమీ ఉండదు. ఇంటర్ రెండో ఏడు పిల్లలుంటే మాత్రం నీట్, ఈఏపీసెట్ తేదీలు చూసుకోకుండా టికెట్లు తీయకండి.

పని పాస్‌పోర్టులతో మొదలుపెట్టండి. పెద్దవాళ్ళవి పదేళ్ళు ఉంటాయి కాబట్టి పిల్లలవి కూడా అలాగే అనుకుంటాం, కానీ చిన్నప్పుడు తీసిన పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుంది. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చాలా యూరప్ దేశాలకు కలిపి పనికొచ్చే షెంగెన్ వీసాకు, మీరు అక్కడి నుంచి బయల్దేరే రోజు తర్వాత కనీసం మూడు నెలలు గడువు మిగిలి ఉండాలి. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది, ఈ పని శీతాకాలంలోనే ముగించేయండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో విమానం టికెట్‌లోనూ, వీసా ఫారంలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ప్రయాణానికి 15 రోజులకంటే తక్కువ ఉంటే కుదరదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు ఇవ్వాలి, సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. అందుకే రాత్రుల లెక్క ముందే తేల్చుకోమనేది. ఫ్రాన్స్ వీసాకైతే చెన్నైలోనూ, హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. 12 ఏళ్ళు దాటితే పిల్లలకూ పెద్దల ఫీజే, 90 యూరోలు, వేలిముద్రలూ ఇవ్వాలి, కాబట్టి వాళ్ళనీ వెంట తీసుకెళ్ళాలి. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని హోటళ్ళు బుక్ చేయకండి.

ఇక చూసే చోట్ల టికెట్లు. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఎప్పుడు విడుదలవుతాయా అని ఫోన్ పట్టుకుని కూర్చోవడం మన తిరుపతి జిల్లా వాళ్ళకు కొత్త కాదు కదా, అక్కడా అదే పద్ధతి, ఏ తేదీ, ఏ టైము అనేది ముందే ఖాయం చేసుకోవాలి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం ఉండదు, ఓర్సే మ్యూజియం సోమవారం ఉండదు, రెండింట్లోనూ 18 ఏళ్ళలోపు వాళ్ళకు టికెట్ ఉచితం. రోమ్‌లో కొలోసియం కూడా వాళ్ళకు ఉచితమే, అయితే టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న పేరే ఇవ్వండి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్ళు కనిపించే బట్టలతో పోనివ్వరు, ఆ రోజు పిల్లలు షార్ట్స్ వేసుకుంటే గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

అన్నిటికంటే ముఖ్యమైంది, రోజుకో పూట పూర్తిగా పిల్లలకే వదిలేయండి. మీరు పెద్ద చోటు ఒకటి పెట్టుకోండి, మిగతాది వాళ్ళిష్టం, అది ఫుట్‌బాల్ స్టేడియం టూర్ కావచ్చు, పాత బట్టల షాపు కావచ్చు, మీకు బోర్ కొట్టినా వెంట నడవండి. దారి కూడా వాళ్ళనే చూపించమనండి. పారిస్ మెట్రోలో ప్లాట్‌ఫామ్ ఎంచుకోవాలంటే లైన్ నంబరుతో పాటు ఆ రైలు చివరి స్టేషన్ పేరు తెలియాలి. ఉదాహరణకు లూవ్ర్ నుంచి లైన్ 1 ఎక్కి లా డెఫాన్స్ వైపు వెళ్తే షాంజెలీజె అనే పెద్ద వీధి మీదుగా పోతారు, షాతో ద వాన్సెన్ అని రాసి ఉన్న వైపు నిలబడితే దానికి పూర్తిగా ఎదురు దిక్కుకు పోతారు. ఒక్కసారి తికమక పడి, స్టేషన్ గోడ మీది మ్యాప్ చూసి సర్దుకున్నారంటే ఆ తర్వాత దారి చూపించడమంతా వాళ్ళదే. మీరు వెనకే ఉండి బ్యాగులు చూసుకోండి, ఆ రెండు ఊళ్ళ మెట్రోల్లో జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ వెనక జేబులో అసలు పెట్టనీయొద్దు. ఎవరైనా తప్పిపోతే ఎక్కడికి రావాలో ప్రతి పొద్దునా ఒక మాట అనుకోండి.

పొద్దున తొమ్మిదింటి వరకు పడుకోనివ్వండి, నష్టమేం లేదు. మే నెలాఖరులో పారిస్‌లో రాత్రి 9.30 దాటాక గానీ పొద్దు గూకదు.

తిండి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ పక్కనే లా షాపెల్ అనే పేట ఉంది, అక్కడ శ్రీలంక తమిళుల హోటళ్ళలో దోసె, ఇడ్లీ దొరుకుతాయి, మన చెన్నై రుచికి దగ్గరగానే ఉంటాయి. రోమ్‌లో వీధి కుళాయిల నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. కందిపొడి పెట్టుకోండి, ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ లగేజీలో వేయండి, నెయ్యి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ తీసుకురావడం యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, కస్టమ్స్‌లో తీసి పడేస్తారు.