అరవై దాటాక కెన్యాలో పరిచర్యకు వెళ్లే దంపతులకు

తెలుగు క్రైస్తవ సంఘాలు సేవకులను సముద్రం దాటించి పంపడం కొత్త కాదు. 1903లోనే తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లోని తెలుగువారి మధ్యకు పంపారు. ఉద్యోగ విరమణ పొందిన దంపతులు ఈ రోజు అదే ఆశతో కెన్యాకు బయలుదేరుతుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. అయితే ఆ వయసులో పిలుపు ఎంత బలమైనదైనా, సిద్ధపాటు అంతకు తగ్గకూడదు.

ముందుగా అక్కడి సంఘం నుంచి ఆహ్వాన పత్రం తెప్పించుకోండి. మీరు ఎవరి పర్యవేక్షణలో ఉంటారు, ఎక్కడ నివసిస్తారు, ఏ పని చేస్తారు అనేవి అందులో స్పష్టంగా ఉండాలి. చాలాసార్లు అయ్యగారి పని మాత్రమే రాసి అమ్మగారిని ఆయన వెంట వచ్చే మనిషిగా వదిలేస్తారు, అది సరికాదు. ఆమె పేరును, ఆమె చేయబోయే పనిని విడిగా రాయించండి. కెన్యా 2024 జనవరి నుంచి వీసాకు బదులు ఇస్తున్న ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) కొద్దికాలపు సందర్శనకు ఉద్దేశించినది. పరిచర్య చేస్తూ నివసించాలంటే మత, ధార్మిక సేవలకు ఇచ్చే ఐ క్లాసు పర్మిట్ కావాలి. మిమ్మల్ని పిలిచిన సంస్థ చేతనే దానికి దరఖాస్తు చేయించి, అది మంజూరయ్యాకే ఇల్లు ఖాళీ చేయండి.

ఆరోగ్యం విషయంలో తొందరపడవద్దు. కెన్యా నుంచి మన దేశానికి తిరిగి వచ్చేవారి దగ్గర ఎల్లో ఫీవర్ టీకా పత్రం ఉండాలి; లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పది రోజులకు పత్రం చెల్లుబాటులోకి వచ్చి, జీవితాంతం పనికొస్తుంది. అయితే అరవై దాటినవారిలో ఈ టీకా వల్ల తీవ్రమైన దుష్ప్రభావాలు కలిగే ప్రమాదం కొంత ఎక్కువ కాబట్టి, మీ పాత జబ్బులన్నీ తెలిసిన వైద్యుడిని సంప్రదించాకే వేయించుకోండి. నైరోబీ చాలా ఎత్తున ఉండడం వల్ల అక్కడ మలేరియా తక్కువ, జూలైలో స్వెట్టరు కావాలి. విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము వైపు వెళ్తే మాత్రం మలేరియా నివారణ మాత్రలు తప్పనిసరి. వాటిని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, మీరు వాడుతున్న మందులకు అవి సరిపడతాయో లేదో అడిగి తెలుసుకోవాలి.

మూడు నెలల మందులను, జెనెరిక్ పేర్లతో రాయించిన చీటీని చేతిసంచిలోనే పెట్టుకోండి. విమానం అడుగున పెద్ద పెట్టెలు ఉంచే అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. రోజుకొక్క బీపీ మాత్రకు ఇది పెద్ద తేడా కాదు గానీ, ఇన్సులిన్ వేళలు వైద్యుడి చేత రాయించుకోవాలి. మా అత్తగారు వెళ్లేటప్పుడు ఆవకాయ సీసాను చేతిసంచిలో పెట్టుకున్నారు. తనిఖీ దగ్గర దాన్ని పక్కన పెట్టేస్తే, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పచ్చళ్లను గట్టిగా సీలు వేయించి పెద్ద పెట్టెలోనే సర్దండి.

ఇంటి వ్యవహారాలలో నేను ముఖ్యంగా చెప్పేది ఫోను గురించి. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి కనుక, అంతర్జాతీయ రోమింగ్ పెట్టించి, అది పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని (లైఫ్ సర్టిఫికెట్) నైరోబీలోని భారత హైకమిషన్ ద్వారా ఇవ్వవచ్చు. ఇల్లు, పొలం చూసుకునే బిడ్డకు పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేయించండి. వీలునామా కూడా అప్పుడే రాసి పెట్టండి. ఇవి సగంలో వదిలి వెళ్లినవారి మనసు సగం ఇక్కడే ఉండిపోతుంది.

విమానంలో గంటకోసారి లేచి నడవండి. వీల్‌చెయిర్ కావాలంటే రెండు రోజుల ముందే విమాన సంస్థకు చెప్పండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

దిగాక మొదటి నెల బోధించవద్దు, వినండి. స్వాహిలీలో ‘హబారి’ అని పలకరించడం, ‘అసాంతే’ అని కృతజ్ఞత చెప్పడం ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. అక్కడ పెద్దాయనను ‘మ్‌జే’ అని, పెద్దావిడను ‘మామా’ అని గౌరవంగా పిలుస్తారు. మీ నెరిసిన జుట్టు చూసి ముందు వరుసలో కుర్చీ వేయవచ్చు. పాస్టరు గారు పిలిచేవరకు సంఘస్థులతో కలిసి బల్లమీదే కూర్చోండి.