సాగు లెక్క, 3వ పాఠం: వరి ఈనే రోజు నుంచి వెనక్కి

పోయిన పాఠంలో మీ నీళ్లు ఎన్ని ఎకరాలకు సరిపోతాయో నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఆ పేజీ తీసి, పక్కన క్యాలెండర్ పెట్టుకోండి.

మా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు అక్టోబరు వస్తే ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "నారు ఎప్పుడు పోస్తున్నావు?" నేనైతే ముందు "ఎప్పుడు ఈనాలి?" అని, అంటే పొట్టలోంచి కంకి ఎప్పుడు బయటికి రావాలని అడగమంటాను. నెల్లూరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్ల భయమూ అప్పుడే. పైరు పూత మీదుండగా ముసురు పట్టిందా, గింజ కట్టక తాలు పోతుంది.

నాకిది దెబ్బ తిన్నాకే అర్థమైంది. ఒక ఏడాది బోరు నీళ్లున్నాయి కదా అని సెప్టెంబరు మొదట్లోనే నారు పోశాను. సరిగ్గా ఈనే వేళకి నాలుగు రోజుల ముసురు. తర్వాత చూస్తే కంకులు వంగనే లేదు, నిటారుగా నిలబడ్డాయి. ఎకరాకు మూడు పుట్లు రావాల్సిన మడిలో ఒకటిన్నర వచ్చింది. మన పుట్టి 850 కిలోలు, నష్టం మీరే లెక్కేసుకోండి.

ఇక లెక్కకొద్దాం. వరి రకం ఏదైనా, ఈనిన దగ్గర్నుంచి కోతకు సుమారు 30 రోజులు. నెల్లూరు మసూరి (ఎన్ఎల్ఆర్ 34449) దాదాపు 120 రోజుల పంట అనుకుందాం. అంటే నారు పోసిన 90వ రోజుకు ఈనాలి. ఫిబ్రవరి 3న ఈనాలంటే నారు నవంబరు 5న, విశాఖ కార్తె అంచున పోయాలి. నాటు నవంబరు నెలాఖరుకు, 25 రోజుల నారుతో. కోత మార్చి 5 ప్రాంతం. చలికి నాలుగైదు రోజులు అటూ ఇటూ జరుగుతుంది, టెన్షన్ పడకండి.

అదే తేదీకి 150 రోజుల సాంబ మసూరి పోస్తే కోత ఏప్రిల్‌కి పోతుంది. కాలువ అప్పటిదాకా పారుతుందా? సోమశిల ప్రాజెక్టు నీళ్లు ఎప్పటిదాకా ఇస్తారన్నది సాగునీటి సలహా మండలి చెబుతుంది. అది తెలియకుండా రకం ఎంచుకోవద్దు. ఎడగారు (ఎండాకాలంలో వేసే రెండో పంట) కూడా వేసేవాళ్లకు ఆ నెల ఆలస్యం ఇంకా బరువు. పైగా సాంబకు అగ్గితెగులు త్వరగా సోకుతుంది. మంచు కురిసే మన జనవరిలో దాన్ని కాపలా కాయడం నాకైతే ఓపిక లేని పని.

క్యాలెండర్‌లో ఇంకో గుర్తు పెట్టండి: ఈనడానికి నెల ముందు, మన లెక్కలో జనవరి 4. అది చిరుపొట్ట దశ, ఆఖరి యూరియా దఫా అప్పుడే. తేదీనే నమ్మేయకుండా మడిలో దిగి, లావుపాటి తల్లి పిలక ఒకటి పీకి, మొదలు దగ్గర బ్లేడుతో నిలువుగా చీల్చండి. లోపల తెల్లటి నూగులాంటి చిన్న కొస కనబడితే చల్లొచ్చు. కనబడకపోతే రెండు మూడు రోజులాగి మళ్లీ చూడండి.

ఈ వారం పని: మీ రకం పేరు, పంటకాలం రాసి, కోత నుంచి వెనక్కి నాలుగు తేదీలు వేయండి. ఈనే తేదీ డిసెంబరులో పడితే కొట్టేసి మళ్లీ వేయండి. వచ్చే పాఠంలో ఈ తేదీల పక్కన కూలీలనీ, కోత మిషన్‌నీ ఎక్కిద్దాం.