ఇంటి షెడ్డులో రేకు చుట్టే మూడు రోలర్ల యంత్రం

పొగ గొట్టాలు, చిన్న తొట్లు, డ్రమ్ముల వంటివి తరచుగా చేసుకునేవారికి రేకును గుండ్రంగా చుట్టే యంత్రం సొంతంగా ఉంటే, ప్రతి పనికీ హైదరాబాద్‌లోని పారిశ్రామిక వాడలైన బాలానగర్‌కో జీడిమెట్లకో జాబ్ వర్కు కోసం పరుగెత్తవలసిన అవసరం ఉండదు. 600 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం గల మైల్డ్ స్టీల్ రేకును చేతి హ్యాండిల్‌తోనే చుట్టగల యంత్రాన్ని కుషాయిగూడలోని మా ఇంటి వెనుక షెడ్డులో రెండుసార్లు నిర్మించాను. మొదటిది పనికి రాలేదు. నీళ్ల పైపులను రోలర్లుగా వాడడం వల్ల అవి నడుమ వంగిపోయి, చుట్టిన గొట్టం చివర్లలో బిగుతుగా, మధ్యలో ఉబ్బుగా మద్దెల ఆకారంలో వచ్చింది. అందుకే మోటారు గురించి కాక రోలర్ల గురించే ముందుగా ఆలోచించమని చెబుతాను.

ఈ యంత్రంలో కింద పక్కపక్కన రెండు రోలర్లు, వాటి నడుమ పైన ఒక రోలర్ ఉంటాయి; పై రోలర్ నొక్కుతుండగా వాటి మధ్య నుంచి పోయే రేకు వంగుతుంది. కింది రెండు రోలర్ల కేంద్రాల మధ్య దూరం 100 మి.మీ. అనుకుంటే, పైన చెప్పిన రేకు వంగేటప్పుడు పై రోలర్ మీద సుమారు 600 కిలోల బరువుకు సమానమైన ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి 50 మి.మీ. నిండు కడ్డీ నడుమ పావు మిల్లీమీటరు వరకు వంగుతుంది, 60 మి.మీ. కడ్డీ అందులో సగమే వంగుతుంది. కాబట్టి పై రోలర్‌కు 60 మి.మీ., కింది వాటికి 50 మి.మీ. ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) కడ్డీని తీసుకోండి. రేకు మందం రెట్టింపయితే కావలసిన ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది కనుక ఈ యంత్రంలో 4 మి.మీ. ప్లేటును పెట్టకూడదు.

కడ్డీలు, బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు), చైన్, స్ప్రాకెట్ల (చైన్ తిప్పే పళ్ల చక్రాల) కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో ఒక పూట తిరగడం మేలు. కడ్డీలను లేత్ మీద సెంటర్ల (కడ్డీని రెండు కొసలా పట్టే మొనల) మధ్య పెట్టి, చివరలను పై రోలర్‌కు 35 మి.మీ., కింది వాటికి 30 మి.మీ. వ్యాసానికి తిప్పించండి. సెంటర్ల మధ్య తిప్పిన చివరలు రోలర్ నడిమి భాగంతో ఒకే అక్షం మీద ఉంటాయి. అలా లేకపోతే రోలర్ తిరిగిన ప్రతిసారీ ఒత్తిడి మారుతూ రేకు మీద వంపు హెచ్చుతగ్గులుగా పడుతుంది.

పక్క ప్లేట్లు 16 మి.మీ. మందంవి సరిపోతాయి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి అంచుల్లో అక్కడక్కడా చుక్కలుగా టాక్ వెల్డింగ్ చేసి, అన్ని రంధ్రాలనూ ఒకేసారి బోరింగ్ చేయించి, ఆ తరువాతే విడదీయండి. విడివిడిగా కొలిచి రంధ్రాలు వేస్తే రోలర్లు సమాంతరంగా రావు, ఆ లోపాన్ని తరువాత సరిదిద్దడం చాలా కష్టం. కింది రోలర్లకు గన్‌మెటల్ బుష్‌లు వేసి, పై రోలర్‌ను నిలువు గాడిలో జారే రెండు దిమ్మెలలో కూర్చోబెట్టాలి. దిమ్మెలను కిందికి నొక్కడానికి ఎం20 బోల్టులు వాడితే పూర్తి చుట్టుకు 2.5 మి.మీ. కదలిక ఉంటుంది, బోల్టు తలల మీద గీతలు పెట్టుకుంటే రెండు వైపులా సమానంగా దించవచ్చు. ఆ బోల్టులు దిగే మూతలను ఊడదీయగలిగేలా బిగించండి. చుట్టడం పూర్తయిన గొట్టం పై రోలర్ చుట్టూ ఉంటుంది కనుక మూతలు తీసి రోలర్‌ను పైకెత్తితేనే అది బయటికి వస్తుంది.

కింది రోలర్లకు సమానమైన పళ్లున్న స్ప్రాకెట్లను కీతో (జారకుండా గాడిలో దూర్చే ఇనుప ముక్కతో) బిగించి, హ్యాండిల్ ఉన్న చిన్న స్ప్రాకెట్‌తో కలిపి ఒకే చైన్‌తో తిప్పితే రెండూ ఒకే దిశలో తిరుగుతాయి. రేకు దూరే చోట చేతి గ్లౌజులు, వదులు చొక్కా చేతులు రోలర్లలో చిక్కుకుని వేళ్లను లోపలికి లాగుతాయి. అందువల్ల రేకు అంచులను ముందే రాకి నునుపు చేసి, ఉత్త చేతులతో, రోలర్లకు దూరంగా పట్టుకోవాలి. చైన్‌కు రేకు కవరు తప్పనిసరి.

మొదటి పరీక్షకు 50 మి.మీ. వెడల్పు గల రెండు సన్నని పట్టీలను ఎడమ అంచున ఒకటి, కుడి అంచున ఒకటి చుట్టి చూడండి. వాటి వ్యాసాలు వేరైతే బోల్టులను సరిచేయాలి. తరువాత అసలు రేకును కోయవచ్చు. లోపలి వ్యాసం 200 మి.మీ. కావాలంటే దానికి మందం 2 మి.మీ. కలిపి 202ను 3.1416తో గుణించాలి, అంటే దాదాపు 635 మి.మీ. పొడవు. ఈ రకం యంత్రంలో రెండు చివరలా సుమారు 50 మి.మీ. మేర రేకు వంగకుండా మిగిలిపోతుంది. ఆ భాగాన్ని ముందే ఒక పైపు మీద పెట్టి చెక్క సుత్తితో వంచండి, లేదా రెండు వైపులా అంత పొడవు అదనంగా ఉంచి తరువాత కోసేయండి.

రేకు అంచు రోలర్‌కు సరిగ్గా సమాంతరంగా లేకపోతే గొట్టం మెలిక తిరిగి, అతుకు దగ్గర అంచులు కలవవు. ఒక్కసారిగా బిగించకుండా ప్రతి దఫా బోల్టును పావు చుట్టు చొప్పున దించుతూ, అట్టముక్కతో కోసుకున్న వంపు నమూనాతో సరిచూసుకుంటూ ముందుకు వెనక్కు తిప్పండి. అంచులు కలిశాక టాక్ వేసి, వెల్డింగ్ పూర్తి చేసి, అతుకును గ్రైండర్‌తో సమం చేసి, అదే గొట్టాన్ని మరో రెండు మూడు సార్లు రోలర్లలో తిప్పితే, అతుకు దగ్గర మిగిలిన బల్లపరుపు కూడా పోయి గొట్టం గుండ్రంగా వస్తుంది.