దోస, గుమ్మడి పాదుల్లో ఆకులు జల్లెడవుతుంటే

కనిపించేది: ఆకులో పచ్చదనమంతా పోయి ఈనెలే మిగులుతాయి. అంచులు మడతపడి, సన్నని దారంతో కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. మందు కొట్టినా కొన్నాళ్లకే మళ్లీ మొదలు.

కారణం: ఆ మడతను మెల్లగా విప్పండి. పట్టుదారాల మధ్య లేతాకుపచ్చ పురుగు ఉంటుంది. వీపు పొడవునా రెండు తెల్లని గీతలు, పక్కనే నలుసుల్లాంటి విసర్జన. ఇది డయాఫానియా ఇండికా అనే రెక్కల పురుగు పిల్ల. తల్లి పురుగు చూడ్డానికి అందంగానే ఉంటుంది: పట్టుగుడ్డలా మెరిసే తెల్లని రెక్కలు, వాటికి ముదురు గోధుమరంగు అంచు, పొట్ట చివర చిన్న కుచ్చు. రాత్రిపూట తిరుగుతూ ఎక్కువగా ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది.

మందు పని చేయట్లేదని చాలామంది డోసు పెంచేస్తారు. అది తప్పు. పురుగు మడతలో దాక్కుంటే పైన పడిన మందు దానికి తగలదు.

ఏం చేయాలి: పాదులు కొన్నే అయితే మడతపడిన ఆకులు తుంచి, పురుగుతో సహా నాశనం చేయడమే అన్నిటికన్నా మంచి మార్గం. ఎక్కువైతే బీటీ మందు (పురుగులను చంపే ఒక బ్యాక్టీరియాతో చేసింది) వాడండి. అది పురుగు కడుపులోకి వెళ్తేనే పని చేస్తుంది, అదీ చిన్న పురుగుల మీదే బాగా. అందుకే మడతలు ముదరకముందే, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. ఎండకు దాని బలం తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టండి. ఏ మందైనా సరే, తేనెటీగలు తిరిగే వేళ పూల మీద పడనివ్వకండి. అవి రాకపోతే పిందె నిలవదు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు సన్నని వల కప్పితే తల్లి పురుగు గుడ్లు పెట్టలేదు. పూత రాగానే వల తీసేయాలి.

కాయ తొక్క గీరినట్టున్నా, రంధ్రం పడినా: ఆకుకో నేలకో ఆనుకున్న కాయలను ముందు చూడండి, పురుగు ఎక్కువగా అక్కడే చేరుతుంది. కాయ కింద ఎండుగడ్డి వేయండి. కాయ కోస్తే లోపల కాళ్లు లేని తెల్లటి పురుగులుంటే మాత్రం అది పండుఈగ పని, దానికి బీటీ పని చేయదు.

కోతలయ్యాక: తీగలను అలాగే వదలకండి. ఈ పురుగు మడిచిన ఆకుల్లోనే ప్యూపా దశకు, అంటే రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశకు వెళ్తుంది. తీగలన్నీ పీకి లోతుగా పూడ్చేయండి.